పతకాల ఫ్రేము: హనుమకొండ దుకాణం పనితనం

హనుమకొండ చౌరస్తా వైపున్న ఈ దుకాణంలో మాజీ సైనికుల పతకాలకు పెట్టె ఫ్రేములు కడతారు. చెక్కపని గట్టిది, మూలల్లో సందు లేదు. అంగుళంన్నర లోతు మాత్రం అడిగి చేయించుకోవాలి. మామూలు ఫొటో ఫ్రేమైతే అద్దం నొక్కి రిబ్బన్ నలుగుతుంది.

లోపమల్లా వరుసలోనే. అందంగా ఉంటుందని పెద్ద పతకాన్ని నడుమ పెడుతున్నారు, అది తప్పు. చూసేవారి ఎడమ నుంచి యుద్ధంలో శౌర్యానికిచ్చే వీరచక్ర ముందు, తర్వాత సేనా పతకం, ఆ తర్వాతే సర్వీసు పతకాలు. కాగితం మీద రాసివ్వండి.

జిగురు అసలే వద్దు, అంచున చెక్కిన నంబరు, పేరు పాడవుతాయి. రిబ్బన్ వెనక నూలు దారంతో నాలుగు కుట్లు చాలు. వీరచక్ర వెండిది. పాలిష్ పట్టిస్తే చెక్కడం అరుగుతుంది, మెత్తటి పొడిబట్టతో తుడవండి. వెనక ఉన్నిబట్ట వేస్తామంటే ఒప్పుకోవద్దు. ఉన్నిలోని గంధకంతో వెండి నల్లబడుతుంది. ఉతికిన నూలుబట్టే మేలు.

కింద దళం ఫొటోకు చోటు వదలమనండి. యుద్ధం చూసొచ్చిన పెద్దల కళ్లు ముందుగా అందులోని, తిరిగిరాని తోటివాళ్ల దగ్గరికే పోతాయి. ఆ చోటుకు ఇక్కడ అదనంగా తీసుకోరు.