పాత వెడ్జ్‌కి కొత్త గ్రూవ్‌లు కొట్టించా: కటింగ్ బాగుంది, చెప్పకుండా చేసిందే బాలేదు

గ్రూవ్‌లు (సన్నటి గాడులు) బాగా అరిగిపోయిన నా 56 డిగ్రీల వెడ్జ్‌ని, అంటే బంతిని పైకి లేపి కొట్టే గోల్ఫ్ క్లబ్‌ని, సీఎన్‌సీ మిల్లింగ్ (కంప్యూటర్‌తో నడిచే యంత్రంతో లోహం కోయడం) చేసే ఒక సర్వీసుకి పంపి, ఫేస్ (బంతికి తగిలే ముఖం) మీద మళ్ళీ గ్రూవ్‌లు కొట్టించుకున్నాను. వాళ్ళ పేరు రాయడం లేదు. మీరు ఎవరికిచ్చినా ముందు ఏమేం అడగాలో తెలిస్తే చాలు, ఈ రివ్యూ అందుకే. స్టార్లు కావాలంటే ఐదుకి మూడున్నర. ఒక్క కటింగ్‌కే అయితే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి, మిగతా వ్యవహారం కిందికి లాగేసింది.

అసలు ఇది అందరికీ అవసరమయ్యే పని కాదు. పొడి ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి) మీంచి, బంతి శుభ్రంగా ఉన్నప్పుడు కొడితే అరిగిన ఫేస్‌తో కూడా బంతి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద బాగానే ఆగుతుంది, ఎందుకంటే అక్కడ స్పిన్ చాలావరకు ఫేస్ గరుకుదనం వల్లే వస్తుంది. తేడా తెలిసేది మంచు ఇంకా ఆరని గడ్డిలోనూ, రఫ్ అనే ఎత్తైన గడ్డిలోనూ. బంతికీ ఫేస్‌కీ మధ్య నలిగిన గడ్డి, నీళ్ళు పక్కకి పోవడానికి దారి ఉండాలి. ఆ దారే గ్రూవ్. అది లేకపోతే బంతి ఫేస్ మీద జారి, అనుకున్నదానికంటే పైకి లేచి, కింద పడ్డాక ఆగకుండా దొర్లుకుంటూ పోతుంది. నాది సరిగ్గా ఆ స్థితికి వచ్చింది, ముఖ్యంగా ఫేస్ మధ్యలో బంతి తగిలే చోట గోరు పెట్టి గీస్తే గ్రూవ్ ఉందో లేదో తెలియనంతగా.

ఇక పని సంగతి. షాఫ్ట్ (క్లబ్ కర్ర) తీయకుండానే హెడ్‌ని (చివరి లోహపు భాగం) ఫిక్స్‌చర్‌లో (కదలకుండా పట్టుకునే చట్రం) బిగించి, డయల్ గేజ్‌తో (ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) ఫేస్ అంతా తడిమి సరిచూసుకున్నారు, ఆ ఫోటోలు పంపారు కూడా. ఈ పనిలో సగం కష్టం అక్కడే ఉంది. గోల్ఫ్ రూల్ ప్రకారం గ్రూవ్ లోతు 0.508 మి.మీ. దాటకూడదు, అంటే ఇంచుమించు అర మిల్లీమీటరు. అంత చిన్న లోతులో ఫేస్ హీల్ (షాఫ్ట్ వైపు చివర) నుంచి టో (అవతలి చివర) దాకా 0.1 మి.మీ. వాలి ఉన్నా ఒక చివర గ్రూవ్ లోతుగా, ఇంకో చివర పైపైన గీసినట్టు వస్తుంది. నాకొచ్చిన హెడ్‌లో ఆ వాలు కనిపించలేదు. పాత గ్రూవ్‌ల వరసనే పట్టుకుని కటర్ నడిపించారు, ఎక్కడా జంట గీతలు పడలేదు. ఇది మెచ్చుకోవాల్సిన విషయమే.

కానీ లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. కింది నుంచి పైకి కొట్టుకుంటూ వెళ్ళారనుకుంటా, కింది గ్రూవ్‌లు అడుగంతా నున్నగా ఉన్నాయి, పైకి వెళ్ళేకొద్దీ అడుగున సన్నటి అలల్లాంటి గీతలు, చివరి రెండింటి అంచుల్లో వేలికి గీరుకునే బర్ (కోసినప్పుడు అంచున మిగిలే గరుకు లోహం). కటర్ మొన అరిగినా మార్చకుండా అదే కటర్‌తో కానిచ్చేసినట్టుంది. పై గ్రూవ్‌లకి బంతి పెద్దగా తగలదు కాబట్టి ఆటకి నష్టం లేదనుకోండి, అయినా బర్ ఉంటే యురేథేన్ కవర్ ఉన్న బంతి చెక్కుకుపోతుంది, పైగా రూల్ దగ్గర కూడా అది చిక్కే.

రూల్ అన్నాను కదా, అదేంటో కాస్త చెప్పాలి. 2010 నుంచి గోల్ఫ్ రూల్స్ రాసే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థలు 25 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) ఉన్న క్లబ్బులకి రెండు కొత్త హద్దులు పెట్టాయి. గ్రూవ్ అంచు గుండ్రదనం 0.254 మి.మీ. రేడియస్‌కి తగ్గకూడదు. రెండోది, గ్రూవ్ అడ్డుకోత వైశాల్యాన్ని, ఒక గ్రూవ్ వెడల్పు, పక్క గ్రూవ్‌కి ఉన్న దూరం రెండూ కలిపిన కొలతతో భాగిస్తే 0.0762 మి.మీ. దాటకూడదు. లెక్క వేసి చూద్దాం: వెడల్పు 0.8, పిచ్ (ఆ రెండూ కలిపిన కొలత) 3.6 మి.మీ. అనుకుంటే వైశాల్యం 0.27 చదరపు మి.మీ. దాకా ఉండొచ్చు. నిలువు గోడలతో 0.5 మి.మీ. లోతు కొడితే అది 0.4 అయిపోతుంది, నేరుగా బయటికే. అదే పూర్తి వీ ఆకారంలో కొడితే 0.2, హాయిగా సరిపోతుంది. అంటే "లోతుగా, షార్పుగా కొట్టండి" అని చెప్పి పంపితే మీ డబ్బుతో మీరే రూల్ తప్పే క్లబ్ చేయించుకున్నట్టు. వాడకంతో అరిగిపోయిన క్లబ్బుకి ఏ ఇబ్బందీ లేదు, కొత్తలో సరిగ్గా ఉంటే చాలు. కావాలని మార్చినదాన్ని మాత్రం కొత్త క్లబ్‌లాగే చూస్తారు, మార్చాక అన్ని కొలతల్లో ఉండాల్సిందే. (ఈ గ్రూవ్ గొడవ ఎంత దూరం వెళ్ళిందంటే, 1990లో పింగ్ కంపెనీతో కుదిరిన ఒక రాజీ వల్ల పాత పింగ్ ఐ 2 క్లబ్బులకి మినహాయింపు ఉండేది, 2010లో అమెరికన్ గోల్ఫర్ ఫిల్ మికెల్సన్ ఆ పాత వెడ్జ్ పట్టుకుని టోర్నమెంట్‌కి దిగేసరికి పెద్ద రచ్చయింది.)

అందుకే నా మొదటి ఫిర్యాదు: కొలతల కాగితం ఇవ్వలేదు. అడిగితే "ప్రోగ్రామ్‌లో లిమిట్ లోపలే ఉంది సార్" అన్నారు. ప్రోగ్రామ్‌లో ఉన్నది వేరు, అరిగిన కటర్ కోసింది వేరు.

రెండోది ఇంకా చిరాకు తెప్పించింది. గ్రూవ్‌లు కొట్టే ముందు ఫేస్ పైపొరని చదునుగా మిల్ చేసేశారు, మాట వరసకైనా ముందు చెప్పలేదు. అందులో తప్పేముంది అంటారా, 0.3 మి.మీ. తీస్తే 2,500 చదరపు మి.మీ. ఫేస్ మీంచి దాదాపు 6 గ్రాముల స్టీలు పోతుంది. హెడ్ బరువు 2 గ్రాములు తగ్గితే స్వింగ్ వెయిట్ (క్లబ్ ఊపేటప్పుడు చేతికి తెలిసే బరువుకి కొలత) ఒక పాయింటు తగ్గుతుంది, అంటే 6 గ్రాములకి మూడు పాయింట్లు, డీ5 ఉన్నది డీ2కి వచ్చినట్టు. చేతికి వెంటనే తెలిసిపోయింది. వెనక లెడ్ టేప్ (సీసపు పట్టీ) అతికించి సర్దుకున్నాను. పైగా క్రోమ్ పూత పోయి కార్బన్ స్టీలు బయటపడింది కాబట్టి ఆడి వచ్చాక తుడిచి నూనె రాయకపోతే తుప్పు. తుప్పు వల్ల స్పిన్‌కి వచ్చే నష్టమేమీ లేదు, కొందరు కావాలనే రా ఫేస్ (పూత లేనిది) కొనుక్కుంటారు, కానీ అది నేను ఎంచుకోవాల్సిన విషయం.

చేత్తో గీసే చిన్న షార్పెనర్లు కూడా దొరుకుతాయి, చివర గట్టి స్టీలు మొన ఉంటుంది. గ్రూవ్‌లో ఎండిన మట్టి లాగడానికి బాగుంటాయి. లోహం కోయడానికి మాత్రం వద్దు, మొన పక్కకి జారితే ఫేస్ మీద గీత శాశ్వతం, అంచు ఎక్కడ ఎంత పదునెక్కిందో కొలిచే దారి లేదు. చాలామంది గ్రూవ్‌లు అరిగాయనుకునేది నిజానికి మట్టి పేరుకోవడమే, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు, ముందు గోరువెచ్చని నీళ్ళు, నైలాన్ బ్రష్‌తో కడిగి చూడండి.

ఆటలో ఫలితం? పొడి నేల మీద నాకు తేడా తెలియలేదు. తడి రఫ్‌లోంచి మాత్రం బంతి కిందుగా వెళ్ళి, పడ్డాక రెండో గెంతుకి పట్టుకుంటోంది, ముందు ఇది లేదు. కొత్త బంతి మీద తెల్లటి పొట్టు లేచి గ్రూవ్‌లో ఇరుక్కుంటోంది, అది కాస్త తగ్గే దాకా పాత బంతులతో ప్రాక్టీస్ చేస్తున్నాను.

52 డిగ్రీలది కూడా వాళ్ళకే పంపుతాను, ఈసారి "ఫేస్ మిల్ చేయొద్దు, కొత్త కటర్ పెట్టండి, హెడ్ బరువు ముందూ వెనకా తూచి రాయండి" అని కాగితం మీద రాసి మరీ. 60 డిగ్రీలది పంపను. బంకర్ ఇసుకకి దాని సోల్ (అడుగు భాగం) కూడా అరిగి బౌన్స్ (ఆ అడుగు నేలతో చేసే కోణం) మారిపోయింది, దానికి ఫేస్ ఒక్కటే బాగు చేయిస్తే ఉపయోగం లేదు.