ఆఫీసు షిఫ్టింగ్ బడ్జెట్ షీట్: పద్నాలుగు నెలల వాడకం తరువాత

తిరుపతి కొర్లగుంటలోని మా పాత ఆఫీసును ఎయిర్ బైపాస్ రోడ్డుకు మార్చాలని నిర్ణయించుకున్న 2024 మే నెలలో, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన ఒక బడ్జెట్ స్ప్రెడ్‌షీట్‌ను దించుకుని వాడడం మొదలుపెట్టాను. మాది 22 మంది పనిచేసే అకౌంట్స్ సంస్థ. ఖర్చులు రాసుకోవడానికి, కూడికలు చేయడానికి ఏ షీటైనా సరిపోతుంది కనుక ఆ సంగతులు ఇక్కడ రాయడం లేదు. ఈ షీటు మీద నాకు గౌరవం కలిగించినది అందులో ప్రతి ఖర్చు పక్కనా ఉన్న ‘చెల్లించే తేదీ’ అనే ఒక్క కాలమ్. తేదీ నింపితే చాలు, ఏ వారం చివర చేతిలో ఎంత మిగులుతుందో అది కింద చూపిస్తుంది.

ఆ కాలమ్ నింపే ముందు మా లెక్క చాలా నిశ్చింతగా ఉండేది. కొత్త చోట నెలకు 62,000 అద్దె, పది నెలల అడ్వాన్సు అంటే 6,20,000. పార్టిషన్లు, కేబులింగ్, ఏసీల బిగింపు కలిపి 3,60,000. మేము దిగకముందే కట్టవలసిన రెండు నెలల అద్దె 1,24,000. ప్యాకింగు, లారీ, హమాలీల కూలి 46,000. నేమ్ బోర్డు, కొత్త లెటర్‌హెడ్లు, పూజ వంటివి 40,000. మొత్తం 11,90,000. మేము విడిగా పెట్టుకున్నది 10,00,000, పాత యజమాని దగ్గర ఉన్న ఆరు నెలల అడ్వాన్సు 2,28,000. అంటే 38,000 మిగులుతుందని భాగస్వాములం ముగ్గురమూ సంతోషించాము.

తేదీలు నింపిన రాత్రి ఆ సంతోషం పోయింది. అగ్రిమెంటు జూన్‌లో, అద్దె జూలై ఒకటి నుంచి. ఆ సంవత్సరం శుక్ర మూఢమికి తోడు ఆషాఢం వచ్చింది, అది ఆగస్టు 4 అమావాస్య వరకు ఉంది. ఆషాఢంలో కొత్త చోట పాలు పొంగించడానికి మా పెద్ద భాగస్వామి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, ఆ విషయంలో నేను కూడా వారిని బలవంతపెట్టదలచుకోలేదు. అందువల్ల సామాను కదిలేది శ్రావణం మొదటి వారంలోనే. పాత యజమాని అడ్వాన్సు తిరిగి ఇచ్చేది తాళాలు అప్పగించిన తరువాతే, అంటే ఆగస్టు చివర. ఈ తేదీలన్నీ నింపగానే ఆగస్టు రెండవ వారం దగ్గర గడి ఎర్రబడింది: 1,90,000 లోటు. మొత్తం మీద మిగులు ఉన్న బడ్జెట్టే అయినా, ఆ మూడు వారాల పాటు జీతాల డబ్బును తాకకుండా గడవదు. సంస్థ పెట్టి పదకొండేళ్లయినా, ఒకటో తేదీ జీతాన్ని ఒక్క రోజు కూడా ఆలస్యం చేయని మాకు ఆ అంకె నిజంగా భయం కలిగించింది.

మరునాడే ఆ షీటును ప్రింటు తీసుకుని కొత్త యజమాని దగ్గరకు వెళ్లాము. ఆయన వయసులో పెద్దవారు, సౌమ్యులు. “ఈ వారాలు చూడండి సార్, ఇక్కడే మాకు ఇబ్బంది” అని వేలు పెట్టి చూపించాక, ఆరు నెలల అడ్వాన్సు అగ్రిమెంటు నాడు, మిగిలిన నాలుగు నెలలది, అంటే 2,48,000 సెప్టెంబరు చివర తీసుకోవడానికి ఒప్పుకున్నారు. నోటి మాటగా అడిగి ఉంటే ఒప్పుకునేవారని నేను అనుకోను. దానితో ఆగస్టులో లోటు పోయి 58,000 మిగులు కనిపించింది. ఆ కాలమ్ లేకపోతే ఈ సంభాషణే జరిగేది కాదు.

అయితే ఆ తరువాత జరిగినదీ చెప్పాలి. ఈ షీటు మనం ఇచ్చిన తేదీని నమ్ముతుంది. పాత యజమాని ఆగస్టు చివర ఇస్తానన్న అడ్వాన్సు సెప్టెంబరు దాటి, బ్రహ్మోత్సవాలు కూడా ముగిశాక అక్టోబరు మధ్యలో వచ్చింది, అదీ పెయింటింగు పేరుతో 27,000 కోసుకుని 2,01,000. ఈలోగా కొత్త యజమానికి ఇచ్చిన మాట ప్రకారం 2,48,000 కట్టవలసి వచ్చినప్పుడు మా భాగస్వామి ఒకరు ఇంట్లోని బంగారం కుదువపెట్టారు. ఆ రోజు ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది. వచ్చే డబ్బుకు ‘చెప్పిన తేదీ’, ‘నమ్మదగిన తేదీ’ అని రెండు కాలమ్‌లు ఉండవలసిందని అప్పుడు అర్థమై, రెండవదాన్ని నేనే చేర్చుకున్నాను.

ఇంకొక లోపం నిజంగా షీటుదే. ‘అనుకోని ఖర్చులు’ అనే వరుసను అది మొత్తం మీద పది శాతంగా తనంతట తానే వేస్తుంది, అందులో కొత్త యజమానికి కట్టే, ఖాళీ చేసినప్పుడు తిరిగి వచ్చే అడ్వాన్సును కూడా కలిపేస్తుంది. 1,19,000 అని చూపిస్తే అది అతిగా అనిపించి ఆ వరుసనే సున్నా చేశాను. అడ్వాన్సు తీసేసి లెక్కిస్తే 57,000 వచ్చేది, దాన్ని ఉంచి ఉండేవాడిని. ఉంచవలసింది కూడా. కొత్త హాలుకు మంజూరైన విద్యుత్ లోడు, అంటే ఆ కనెక్షన్ మీద వాడుకోదగిన కరెంటు పరిమితి, మా ఏసీలకు, యూపీఎస్‌కు చాలదని ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా మాకు తెలియలేదు. లోడు పెంచడానికి డెవలప్‌మెంట్ చార్జీలు, అదనపు డిపాజిట్, లోపలి వైరింగు మార్పు కలిపి 61,000 అయ్యాయి. ఆ 58,000 మిగులు దానికే పోయింది. షీటులో ఫర్నిచరుకు పన్నెండు వరుసలు ఉన్నాయి, లోడుకు ఒక్కటీ లేదు. హాలు చూడడానికి వెళ్లినప్పుడే కరెంటు బిల్లు అడిగి, దాని మీద ఉన్న లోడును చూసుకోవడం మంచిది.

దిగిన తరువాత కూడా ఈ షీటును వదలలేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని యజమానికి కట్టే వాణిజ్య అద్దె మీద జీఎస్టీని, ఆయనకు బదులు రిజిస్ట్రేషన్ ఉన్న అద్దెదారే రివర్స్ చార్జి పద్ధతిలో కట్టాలన్న నిబంధన 2024 అక్టోబరు 10 నుంచి అమలులోకి వచ్చింది. మాకు 62,000 మీద 18 శాతం, అంటే నెలకు 11,160 నగదుగా కట్టాలి. అది క్రెడిట్‌గా మా పన్నులో సర్దుబాటు అయ్యేదే అయినా ముందు చేతి నుంచి పోతుంది కనుక, ప్రతి నెలా 20వ తేదీతో ఒక వరుస పెట్టాను. చిరునామా మారిన 15 రోజుల్లో జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో సవరణకు దరఖాస్తు చేయాలన్న గడువును కూడా సున్నా ఖర్చుతో అదే కాలమ్‌లో రాసుకున్నాను. పదకొండు నెలల అగ్రిమెంటు పునరుద్ధరణ వచ్చినప్పుడు పెరిగిన అద్దెకు తగ్గట్టు అడ్వాన్సు తేడా ఎప్పుడు కట్టాలో ముందే కనిపించింది.

మీరు తీసుకోవాలా అంటే, అది మీ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. మాలాగా సొంత నిల్వ మీద, పాత అడ్వాన్సును నమ్ముకుని మారేవారికి ఆ తేదీ కాలమ్ కోసమే దీన్ని వాడమని చెబుతాను, అనుకోని ఖర్చుల సూత్రాన్ని మాత్రం మొదటి రోజే మార్చుకోండి. బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్టు, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి తీసుకునే వీలు, ఉన్నవారికి ఇది ఇంతగా ఉపయోగపడకపోవచ్చు. నాలుగైదు బల్లలున్న చిన్న ఆఫీసైతే ఒక నోటుపుస్తకంలో ఖర్చు పక్కన తేదీ రాసుకున్నా సరిపోతుంది.