కుదుపును, దెబ్బను పసిగట్టే సెన్సర్‌గా ఏది మేలు: ఎస్‌డబ్ల్యూ-420 మాడ్యూలా, పీజో డిస్కా?

పనితీరు: ఎస్‌డబ్ల్యూ-420లో కదలిక లేనప్పుడు మూసి ఉండే చిన్న స్విచ్ కుదుపు తగలగానే క్షణకాలం తెరుచుకుంటుంది, రెండు వోల్టేజీలను పోల్చే ఎల్‌ఎం393 కంపారేటర్ చిప్ దాన్ని ‘ఉంది’, ‘లేదు’ అనే డిజిటల్ సంకేతంగా మారుస్తుంది. పీజో డిస్క్ వంగినప్పుడు తానే వోల్టేజీని పుట్టిస్తుంది కనుక, దెబ్బ ఎంత బలమైనదో కూడా ఆర్డుయినో ఉనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులో వోల్టేజీ స్థాయిని కొలిచే అనలాగ్ పిన్ ద్వారా అంచనా వేయవచ్చు.

ఖర్చు: రెండూ చవకే.

శ్రమ: మాడ్యూల్‌కు మూడు తీగలు చాలు, సున్నితత్వాన్ని దాని మీది పొటెన్షియోమీటర్‌ను (తిప్పి మార్చగల రెసిస్టర్‌ను) తిప్పి సరిచేయవచ్చు. డిస్క్‌కు సమాంతరంగా 1 మెగాఓమ్ రెసిస్టర్ కలపాలి.

ప్రమాదం: గట్టి దెబ్బకు డిస్క్ నుంచి పదుల వోల్టులు రావచ్చు. అందుకే శ్రేణిలో ఒక రెసిస్టర్, వోల్టేజీ హద్దు మీరకుండా ఆపే 5.1 వోల్టుల జీనర్ డయోడ్ లేకుండా దాన్ని ఆర్డుయినో ఉనోకు కలపవద్దని గట్టిగా చెబుతాను.

సైకిల్‌ను ఎవరైనా కదిపితే మోగే అలారానికి మాడ్యూల్ సరిపోతుంది. తలుపు తట్టిన తీరును గుర్తించడానికి, ఎలక్ట్రానిక్ డ్రమ్ముకు డిస్కే తగినది.