ఆ ఫోన్ ఎవరిదో చెప్పరేం?

సినిమా పేరు రాయను. కొత్త కుర్రాళ్లు అప్పో సప్పో చేసి తీసుకున్నది, వాళ్లకొచ్చే నాలుగు వ్యూస్ నేనెందుకు చెడగొట్టడం. మా శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు వైపు తీశారని ఓటీటీలోకి రాగానే చూశాను, అర్థం కాక మళ్లీ చూశాను, ఆ తర్వాత కూడా ఏదో మిస్సయ్యానేమో అని నెలల తరబడి వెనక్కి తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాను. ఏమీ మిస్సవలేదు, అందులో ఉన్నదే అంత.

కథ చిన్నది. మొగుడు ఆగస్టులో గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల వేట బోటు మీద పనికి వెళ్తాడు, వేసవికి ఊళ్లోవాళ్లంతా తిరిగొస్తారు, ఇతను రాడు. పెళ్లాం పలాసలో జీడి పిక్కలు కొట్టే పనికి పోతుంది.

నిదానంగా ఉందని నా కంప్లయింట్ కాదు. ఆమె చేతులకి బూడిద రాసుకుని పిక్కలు కొడుతుంటే కెమెరా అక్కడే కూర్చుంటుంది, ఎంతసేపో. రాత్రి పిల్లాడికి అన్నం కలపబోయి, నల్లబడి తోలు లేచిన వేళ్లు చూసుకుని, చెంచా తీసుకుంటుంది. ఒక్క డైలాగు లేదు. మా మేనత్త చేతులు అచ్చం అలాగే ఉండేవి, నాకైతే గొంతు పట్టేసింది. పైగా మన యాసని కామెడీకి వాడుకోలేదు, అందుకు వేరే దండం.

మరి ఇంత తెలిసినవాళ్లు అర్ధరాత్రి ఫోన్ సీను అలా ఎలా రాశారు? ఎవడో హిందీలో "మీ ఆయన..." అని ఆగిపోతాడు, లైన్ కట్. అంతే, ఇక సినిమా అయిపోయేదాకా దాని ఊసే లేదు. ఆమె తిరిగి ఫోన్ చేయదు, ఎవరికీ చెప్పదు. మా దగ్గర అలాంటి ఫోనొస్తే తెల్లారేలోపు వీధి వీధంతా ఆ ఇంట్లోనే ఉంటుంది, తండేలు (బోటు నడిపించే పెద్ద) ఇంటికి ఒకడు, మత్స్యశాఖ ఆఫీసుకి ఒకడు పరిగెడతారు. 2018 నవంబర్‌లో మన జిల్లా, విజయనగరం జిల్లా జాలర్లు పాకిస్తాన్‌కి చిక్కి 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు, ఆ ఏడాదికి పైగా ఇక్కడి ఆడవాళ్లు ఎక్కని గడప లేదు. ఊరికే కూర్చున్నవాళ్లు ఎవరు?

మంచం కింద ట్రంకు పెట్టెదీ అదే వరస. పది నిమిషాలకోసారి చూపిస్తారు, తెరవరు. కాలికి కట్టుతో వచ్చిన మరిది పెళ్లి సీను తర్వాత ఏమయ్యాడో దేవుడికెరుక.

జీవితంలో అన్నిటికీ జవాబులుంటాయా అంటాడు మా తమ్ముడు, వాడికి ఇది తెగ నచ్చింది. ఉండవురా, ఒప్పుకుంటాను. ఇటలీ డైరెక్టర్ ఆంటోనియోని 1960లో తీసిన 'లవెంతురా' సినిమాలో దీవిలో మాయమైన అమ్మాయి చివరిదాకా దొరకదు, కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో జనం నచ్చక గోల చేశారు, అదే కాన్‌లో జ్యూరీ ప్రైజూ ఇచ్చారు. కానీ అందులో వెతికేవాళ్లు మెల్లమెల్లగా ఆమెని మర్చిపోతుంటారు, ఆ మర్చిపోవడమే కథ. ఇక్కడ మర్చిపోయింది డైరెక్టరే అనిపిస్తుంది. తండేల్ సినిమా లాగా పాటలు, ఫైట్లు పెట్టమని నేనడగట్లేదు, ఆ ఇల్లాలు ఒక్కసారి ఆ నంబరుకి తిరిగి ఫోన్ చేసి, స్విచ్ఛాఫ్ అని విని ఊరుకున్నా నాకు చాలు.

ఐదుకి రెండు. అందులో ఒకటిన్నర ఆ నటికే, మిగిలిన అర కెమెరా కుర్రాడికి. చూసేవాళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, సముద్రం హోరులో సగం మాటలు వినపడవు.