కడప ఎండకు ఇన్వర్టర్ బ్యాటరీ: ట్యూబ్యులరా, లిథియమా?

కడపలో మా నాయన వాళ్ల ఇంట్లో ట్యూబ్యులర్ బ్యాటరీని (నీళ్లు పోసే లెడ్ యాసిడ్ రకం) మెట్ల కింద, గ్యాస్ సిలిండర్ పక్కనే పెట్టించుకున్నారు. పోయిన మే నెలలో చూస్తే ఆరు మూతల్లో నాలుగింటికి నీటి మట్టం చూపే పుల్లలు లోపలికి దిగిపోయి ఉన్నాయి, టెర్మినల్ మీద పచ్చటి పొడి గడ్డ కట్టింది. నీళ్లు ఎవరు పోస్తున్నారు నాయనా అంటే, "ఫిల్టర్ నీళ్లే పోసినాలే రా" అన్నాడు. ఫిల్టర్ నీళ్లు తాగడానికి మంచివే గానీ వాటిలోనూ లవణాలు ఉంటాయి, బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఛార్జ్ అయ్యేటప్పుడు దీంట్లోంచి హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడని చోట అది పోగైతే చిన్న నిప్పురవ్వ చాలు. సిలిండర్‌ని ఆ రోజే అవతలికి జరిపించాను.

లిథియంలో (ఇళ్లకు వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) నీళ్లు పోసే పని లేదు, మామూలు వాడకంలో గ్యాస్ రాదు. ధర మాత్రం బాగా ఎక్కువ. అయితే కొనేటప్పుడు ఏహెచ్ (ఆంపియర్-అవర్) అంకె మాత్రమే చూసి పోల్చకండి. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబ్యులర్ అంటే లెక్కకు 1800 వాట్-అవర్లు, కానీ పూర్తిగా లాగేస్తే తొందరగా చచ్చిపోతుంది కాబట్టి చేతికొచ్చేది వెయ్యి, పదకొండు వందలు. 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియంలో ఉండేదే 1280, అయినా దాదాపు అంతా వాడుకోవచ్చు, కాబట్టి రెండూ ఇంచుమించు ఒకటే. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 9 వాట్ల బల్బులు నాలుగు వేసుకుంటే ఏదైనా దాదాపు ఐదు గంటలు వస్తుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్లైతే (తక్కువ కరెంటు లాగే రకం) ఇంకా చాలాసేపు.

ఎండ సంగతి వేరే చెప్పాలి. 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగం అవుతుంది, మనకు వేసవిలో 42, 43 మామూలే కదా. లిథియం వేడిని ఇంతకంటే బాగా తట్టుకుంటుంది గానీ రేకుల గదిలో పెడితే అదీ మొండికేస్తుంది, లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఛార్జింగ్ ఆపేస్తుంది. ఇంకో మాట, ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ లేకపోతే దానికి ఈ బ్యాటరీ తగిలించొద్దు.

ఏది కొన్నా గీజరు, ఇస్త్రీ పెట్టె, బోరు మోటారు ఇన్వర్టర్ లైను మీద వేయకండి. ఫ్రిజ్ నడిచేటప్పుడు 150 వాట్లే అనిపిస్తుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. కొందరు వైరుకు రెండు వైపులా ప్లగ్గులు పెట్టి ఇన్వర్టర్ కరెంటును గోడ సాకెట్లోకి ఎక్కిస్తారు, దండం పెట్టి చెప్తున్నా, ఆ పని చేయకండి. మెయిన్ ఆపడం మర్చిపోతే అది వీధి లైనులోకి పోతుంది, అక్కడ స్తంభం ఎక్కి పని చేస్తున్న లైన్‌మ్యాన్ ప్రాణం పోవచ్చు.

నాయనకు డెబ్బై దాటాయి, యాభై కిలోల బ్యాటరీ జరపలేడు, వంగి మూతలు తీసి చూడలేడు, అందుకే ఇన్వర్టర్‌తో సహా మార్చి లిథియం పెట్టించాం. కర్నూలులో మా ఇంట్లో మాత్రం గాలి వచ్చే వరండా ఉంది, నెలకోసారి నీళ్లు నేనే చూస్తాను, కాబట్టి అంత డబ్బు పెట్టకుండా ట్యూబ్యులర్‌తోనే ఉన్నాం.