టైర్, హెల్మ్, బేన్: న్యాయం చూసే దేవుళ్లతో ఏళ్ల తరబడి ఆడాక

పాత్రలు పోషిస్తూ కథ అల్లుకునే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో, ఫర్గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత లోకాన్ని చాలా ఏళ్లుగా ఆడిస్తున్నాను. రాక్షసులూ మంత్రాలూ ఎప్పుడో పాతబడ్డాయి. ఇప్పటికీ మా వాళ్ల గొంతులు లేచేది న్యాయం, కట్టుబాటు చూసుకునే దేవుళ్ల దగ్గరే.

ఒక ఆటలో, పైవాళ్ల ఆజ్ఞ ప్రకారం ఊరు తగలబెట్టిన సైనికుడు దొరికాడు. న్యాయదేవుడు టైర్‌ని కొలిచే పాలడిన్ (ప్రతిజ్ఞకు కట్టుబడ్డ యోధుడు) విచారణ జరగాల్సిందే, సాక్షులు రావాల్సిందే అన్నాడు. ప్రతీకారదేవుడు హోర్ భక్తురాలికి అవేమీ అక్కర్లేదు. ఊరు ఎలా పోయిందో వాడూ అలాగే పోవాలి. బాధలు భరించే దేవుడు ఇల్మేటర్ క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పూజారి) ఇదేం పట్టించుకోకుండా వాడి కాలిన చేతులకు కట్టు కడుతూ కూర్చున్నాడు. కాపలాదేవుడు హెల్మ్ భక్తుడు మాత్రం "అప్పగించిన పని చేశాడు, తప్పు అప్పగించినవాడిది" అన్నాడు. నియంతృత్వపు దేవుడు బేన్ పూజారి కూడా అచ్చంగా అదే అని పైగా బహుమానం ఇస్తాడని నేను గుర్తుచేశాను. ఆ రోజు ఆట ఇక ముందుకు సాగలేదు.

హెల్మ్ వైపు వాదించేవాళ్లకు కథలోనే బలముంది. ఆ లోకపు లెక్కలో 1358లో, అందరికీ పైవాడైన ఏయో దేవుళ్లను కిందికి తోసేసి, పైకెళ్లే మెట్లకు హెల్మ్‌ని కాపలా పెడతాడు. మంత్రవిద్యల దేవత మిస్ట్రా ఎక్కబోతే చంపేస్తాడు. పగ లేదు, ఆజ్ఞ ఉందంతే. తర్వాతి కాలంలో ఆ హెల్మ్‌ని టైర్ ద్వంద్వయుద్ధంలో చంపడం నాకు మింగుడుపడలేదు. ఇద్దరి ధర్మాలూ ఢీకొని ఆ చావు వచ్చుంటే ఎంత బాగుండేది! ప్రేమ వ్యవహారంలో పుట్టిన అపార్థానికి ఖర్చుపెట్టేశారు.

చనిపోయినవాళ్లకు తీర్పు చెప్పే కెలెమ్‌వోర్ కథ ఇంతకంటే చాలా మేలు. మనిషిగా పుట్టి దేవుడయ్యాడు కాబట్టి మొదట్లో మంచివాళ్లను కనికరిస్తాడు, పిరికివాళ్లను శిక్షిస్తాడు. దాంతో మంచివాళ్లకు చావంటే భయం పోయి ప్రాణాలంటే లెక్కలేకుండా పోతుంది. చివరికి మనసు చంపుకుని తీర్పు చెప్పడం నేర్చుకుంటాడు.

నిరాశంతా రూల్స్ దగ్గరే. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ (ఆట రూల్స్ పుస్తకం) పట్టికలో న్యాయదేవుడు టైర్‌కీ, త్యాగానికి పేరుపడ్డ టోర్మ్‌కీ, నియంత బేన్‌కీ ఒకటే డొమైన్ (దేవుణ్ణి బట్టి క్లెరిక్‌కి దక్కే శక్తుల విభాగం): వార్, అంటే యుద్ధం. క్లెరిక్‌కి దక్కే డొమైన్ మంత్రాలూ ఒకటే. 2018లో రావ్నికా అనే మరో లోకపు పుస్తకంతో ఆర్డర్ (కట్టుబాటు) డొమైన్ వచ్చింది, 2020లో టాషా పేరుతో వచ్చిన రూల్స్ పుస్తకంలో మళ్లీ వేశారు. తీరా చూస్తే అది టైర్‌కి ఎంత నప్పుతుందో బేన్‌కీ అంతే నప్పుతుంది! 2024 హ్యాండ్‌బుక్‌లో మొత్తం నాలుగే డొమైన్లు, ఆర్డర్ వాటిలో లేదు.

(టైర్‌కి కుడిచెయ్యే లేదు. హెల్మ్ చిహ్నం ఎడమచేతి ఇనుప తొడుగు, టోర్మ్‌ది కుడిచేతి తొడుగు, బేన్‌ది నల్లటి చెయ్యి, ఇల్మేటర్‌వి కట్టేసిన చేతులు. చేతులతో వీళ్లకేం పేచీయో!)

కొత్తవాళ్లకు టోర్మ్ తేలిక. టైర్‌నీ హోర్‌నీ ఒకే బృందంలో పెట్టాలంటే ఆట నడిపే డీఎంకి (డంజన్ మాస్టర్‌కి) ఓపిక కావాలి. బేన్ భక్తుడిగా ఆడతానని ఎవరైనా అంటే ముందు మిగతావాళ్లను అడగండి.