డెన్వర్ నల్లజాతి మార్గదర్శుల వ్యాన్ టూర్: 5కి 3.5

నేను 31 ఏళ్లు బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. ఏ టూర్‌కు వెళ్లినా నా కళ్లు ముందు బండి మీద, తర్వాత రోడ్డు మీద, ఆ తర్వాతే చూడాల్సినవాటి మీద పడతాయి. ఈ రివ్యూ కూడా ఆ వరసలోనే ఉంటుంది.

ఆరు నెలలుండి పోదామని అమెరికాలో డెన్వర్ పక్కనున్న అరోరాలో మా అమ్మాయి ఇంటికి వచ్చాను. ఇంట్లో కూర్చుని విసుగు పుడుతోందని అల్లుడుగారు ఈ టూర్ బుక్ చేశారు. మనిషికి 95 డాలర్లు. రూపాయల్లో లెక్క వేయనని అమ్మాయి నాచేత ముందే ఒట్టు వేయించుకుంది. నాతో మనవరాలు వచ్చింది. పన్నెండేళ్ల పిల్ల. గైడు చెప్పేది నాకు తెలుగులో చెప్పడం దాని డ్యూటీ.

బండి 14 సీట్లది. మా సీట్లు సరిగ్గా వెనక చక్రం మీద. సస్పెన్షన్ పని అయిపోయింది, ఏ మెకానిక్‌నైనా అడగండి. ఏసీ ముందు వరసలకే చాలింది. నా హెడ్‌సెట్‌లో ఒక చెవి మోగలేదు. మార్చమంటే స్పేర్ లేదన్నారు. డ్రైవరమ్మాయి మాత్రం బంగారం. రోజంతా ఒక్కసారి కూడా సడన్ బ్రేక్ కొట్టలేదు.

మొదటి ఆగుదల ఫైవ్ పాయింట్స్ పేటలో, డాక్టర్ జస్టీనా ఫోర్డ్ ఉన్న రెండంతస్తుల ఇటుక ఇల్లు. ఆవిడ 1902లో డెన్వర్ వచ్చింది. నల్లజాతి మనిషి కాబట్టి ఆసుపత్రిలో వైద్యం చేయనివ్వలేదు. దాంతో ఇంటింటికీ వెళ్లి పురుళ్లు పోసింది, సుమారు 7,000 కాన్పులు. డబ్బు లేనివాళ్లు కోడినో కూరగాయలనో ఇస్తే తీసుకుంది. 1984లో ఈ ఇంటిని కూలగొట్టబోతే ఆపి, ఇంటికి ఇల్లే బండి మీదకెక్కించి ఇక్కడికి తెచ్చారట. ఇప్పుడు అందులో పడమటి నల్లజాతివాళ్ల చరిత్ర మ్యూజియం ఉంది. మా టూర్‌లో బయటి నుంచి చూడటమే. లోపలికి తీసుకెళ్లరని బుకింగ్ పేజీలో ఒక్క ముక్క రాసి ఉంటే బాగుండేది. నేనైతే ఆ ఇల్లు మలుపులు ఎలా తిరిగి ఉంటుందా అని వీధి వెడల్పు చూస్తూ నిలబడ్డాను.

హైవే 85 ఎక్కాక గైడు ఒక ఇనప బోను, ఒక బీవర్ (ఏటి నీళ్లలో బతికే బొచ్చు జంతువు) తోలు ముక్క చేతికిచ్చి అందరికీ తిప్పాడు. టూర్‌లో బాగా నచ్చినవాటిలో ఇదొకటి. తోలు మీద పైన బిరుసు వెంట్రుకలు. వేలితో పక్కకు తోస్తే అడుగున పిల్లికూన పొట్టలాంటి మెత్తటి నూగు. ఆ నూగుతోనే యూరప్ దొరలకు టోపీలు చేసేవాళ్లు. బోను రెండు కిలోలైనా ఉంటుంది. మనిషి వాసన తగలకుండా మంచులాంటి నీళ్లలో దిగి, అడుగున దీన్ని పెట్టి రావాలి. అలాంటి పని చేస్తూ ఏళ్ల తరబడి కొండల్లో బతికినవాళ్లే మౌంటెన్ మెన్. 1840 వచ్చేసరికి పట్టు టోపీల ఫ్యాషన్ వచ్చి ఈ వ్యాపారం పడిపోయింది.

రెండో ఆగుదల ప్లాట్‌విల్ దగ్గర ఫోర్ట్ వాస్కెజ్. 1835 నాటి బొచ్చు వ్యాపారుల మట్టి ఇటుకల కోట. ఇప్పుడున్నది 1930లలో తిరిగి కట్టింది. వింతేమిటంటే అది హైవే డివైడర్‌లో ఉంది. అటూ ఇటూ లారీలు పోతుంటాయి, మధ్యలో కోట. ఇక్కడ పనిచేసినవాళ్లలో జిమ్ బెక్‌వర్త్ ఒకడు. వర్జీనియాలో బానిస తల్లికి, తెల్లదొరకు పుట్టాడు. తండ్రే విడుదల పత్రం రాయించాడు. సెయింట్ లూయిస్‌లో కమ్మరి దగ్గర పని నేర్చుకుని, 1824లో ఆష్లే అనే బొచ్చు వ్యాపారి దళంతో కొండలెక్కాడు. తర్వాత కొన్నేళ్లు క్రో అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్లతో వాళ్ల మనిషిగానే బతికాడు.

గైడు ఇక్కడ కథలు మొదలెట్టాడు. బెక్‌వర్త్ తన జీవితాన్ని తనే చెప్పి రాయించిన పుస్తకం 1856లో వచ్చింది. అందులోని కథలే అన్నీ. క్రో ముసలామె ఒకావిడ అతని కంటి రెప్ప మీద పుట్టుమచ్చ చూసి, తప్పిపోయిన కొడుకని గుర్తుపట్టిందట. మనవరాలు చెబుతుంటే నవ్వొచ్చింది. మన పాత సినిమాలు ఎన్ని చూడలేదు ఇలాంటివి! అతను కోతలు కోస్తాడని ఆ రోజుల్లోనే అనేవాళ్లట. తర్వాతి చరిత్రకారులు వెతికితే చాలా సంగతులు నిజమేనని తేలింది. కానీ ఏది కోతో, ఏది నిజమో గైడు విడదీసి చెప్పలేదు. ఎండలో నిలబెట్టి 40 నిమిషాలు చెప్పాడు.

నాకు కావలసిన సంగతి మాత్రం రెండు నిమిషాల్లో దాటేశాడు. ఆపి అడిగించాను. 1850లో ఈ మనిషి కాలిఫోర్నియా వైపు సియెర్రా నెవాడా కొండల్లో ఒక కనుమ కనిపెట్టాడు. ఎత్తు 5,221 అడుగులు. అప్పట్లో బళ్లు ఎక్కువగా పోయే డోనర్ కనుమ ఏడు వేల అడుగుల పైమాటే. ఘాట్ రోడ్డు మీద బండి నడిపినవాడికి ఈ తేడా ఏమిటో చెప్పక్కర్లేదు. ఫస్ట్ గేర్‌లో మూలుగుతూ ఎక్కడానికీ, థర్డ్‌లో సాఫీగా పోవడానికీ ఉన్నంత తేడా. ఎద్దుబళ్లకైతే ఇంకా ఎక్కువ. డోనర్ దారిలో రెండు మూడు బళ్ల ఎద్దులను ఒకే బండికి కట్టి, గొలుసులు వేసి లాగేవాళ్లట. నక్కా కుక్కా తిరిగే దారులు ఎవరైనా కనిపెడతారు. లోడుతో బండి ఎక్కే వాలు చూసి పెట్టడం అందరివల్లా కాదు.

1851లో మొదటి బళ్ల వరసను తనే నడిపించి మేరీస్‌విల్ ఊరికి చేర్చాడు. దారి బాగుచేయిస్తే డబ్బిస్తామని ఊరి పెద్దలు మాటిచ్చారు. బళ్లు చేరిన రాత్రే ఊరు తగలబడింది. తన చేతి డబ్బు 1,600 డాలర్లు పోయాయని పుస్తకంలో చెప్పుకున్నాడు. బిల్లు పాసవలేదన్నమాట. 1996లో అక్కడి పార్కుకు అతని పేరు పెట్టారు.

వ్యాన్ ఎక్కాక, ముందు వరసలో కూర్చున్న ఒక నల్లజాతి పెద్దావిడ "శాండ్ క్రీక్ సంగతి చెప్పవా?" అని గైడును నిలదీసింది. అడగకపోతే చెప్పేవాడు కాదేమో. 1864 నవంబరు 29న సైనికులు షయాన్, అరాపహో అనే ఆదివాసీ తెగల గుడారాల మీద పడి రెండు వందల మందికి పైగా చంపారు. అందులో ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లే ఎక్కువ. ఆ సైన్యానికి దారి చూపినవాళ్లలో బెక్‌వర్త్ ఉన్నాడు. రాకపోతే ఉరి తీస్తామన్నారని తర్వాత విచారణలో సాక్ష్యం చెప్పాడు. ఒకప్పుడు ఏ షయాన్ వాళ్లిళ్లలో అన్నం తిన్నాడో వాళ్ల మీదకే. బండిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మనవరాలు కూడా ఆ ముక్క సగమే చెప్పింది, మిగతాది ఇంటికొచ్చాక అమ్మాయిని అడిగి తెలుసుకున్నాను.

దారిలో క్లారా బ్రౌన్ గురించి చెప్పాడు. యాభై ఏళ్లు దాటాక బానిసత్వం నుంచి బయటపడి, 1859లో బంగారం వేటగాళ్ల బళ్లతో వంట చేస్తూ వచ్చి, సెంట్రల్ సిటీ అనే బంగారు గనుల ఊళ్లో బట్టలుతికి డబ్బు కూడబెట్టింది. చిన్నప్పుడే తన నుంచి వేరుచేసి వేరేవాళ్లకు అమ్మేసిన కూతురి కోసం ఏళ్ల తరబడి వెతికి, చివరికి 1882లో అయోవాలో కలుసుకుంది. ఈ సంగతి మాత్రం కోతలు లేకుండా చక్కగా చెప్పాడు.

చివరిది డియర్‌ఫీల్డ్. డెన్వర్‌కు 70 మైళ్లు. 1910లో ఆలివర్ జాక్సన్ అనే ఆయన నల్లజాతి రైతుల కోసం పెట్టిన ఊరు. మొదటి చలికాలం ఏడు కుటుంబాల్లో రెండింటికే చెక్క ఇళ్లు. మిగతావాళ్లు గుడారాల్లోనూ, గుట్టలో తవ్వుకున్న గుంతల్లోనూ ఉన్నారు. తర్వాత మొక్కజొన్న, బీట్, కర్బూజా పండించి నిలదొక్కుకున్నారు. ఆ తర్వాత ధరలు పడిపోయాయి, కరువు, దుమ్ము తుఫానులు వచ్చాయి. 1940 నాటికి పన్నెండు మంది మిగిలారు. ఇప్పుడు హైవే 34 పక్కన నాలుగైదు ఒరిగిన చెక్క కట్టడాలు, గడ్డి, గాలి. ఒక గోడ పలకల సందుల్లోంచి అవతలి పొలం కనబడుతోంది. నేల చేత్తో తీసి చూశాను, ఇసుక. దీంట్లో కర్బూజాలు కాయించారా అని ఆ ఇసుకను చూస్తూ ఉండగానే హారన్ మోగింది. పదిహేను నిమిషాలే! కోట దగ్గర కథలు సగం తగ్గిస్తే ఇక్కడ ఇంకో అరగంట మిగిలేది. బాత్రూమ్ కూడా లేదు, ప్లాట్‌విల్‌లోనే పని చూసుకోండి.

హెడ్‌సెట్‌కు అర, డియర్‌ఫీల్డ్ టైమింగ్‌కు ఒకటి తగ్గించాను. ఇదే కంపెనీ సెంట్రల్ సిటీకి ఇంకో టూర్ వేస్తుందట. మనవరాలు అప్పుడే తేదీలు చూస్తోంది. ముందు సీటు దొరికితేనే వస్తానని చెప్పాను.